మక్కా నుంచి మదీనాకు టికెట్: బయలుదేరే ముందే చూసుకోవలసినవి



ప్రతి ఏడాదీ ఈ సంచికలో పిల్లల ఫీజులు, వితంతువుల పింఛన్లు, రంజాన్ రేషన్ కిట్ల లెక్కలు దాతల ముందు పెడుతున్నాము. ఈసారి వాటితోపాటు మా పొరపాటు ఒకటి కూడా చెప్పుకోవాలి. దాని నుంచి మేము నేర్చుకున్నది మీ ఇంట్లో ఉమ్రాకు వెళ్లబోయేవారికీ పనికొస్తుందని ఈ వ్యాసం రాస్తున్నాము.

రెండేళ్ల కిందట ఒక దాత ఇచ్చిన సదఖాతో పాతనగరానికి చెందిన వృద్ధ దంపతులను ఉమ్రాకు పంపాము. ఆయన పోర్టులో కళాసీగా చేసి రిటైరయిన మనిషి. విమానం టికెట్లు, వీసా, బస అన్నీ కుదిరాయి. మక్కా నుంచి మదీనాకు బస్సు టికెట్ మాత్రం విడిగా కొనవలసి వచ్చింది. మా కార్యకర్త ఒకరు ఫోన్‌లో కొని, కాగితం మీద అచ్చు తీయించి ఇచ్చారు. దాని మీద శుక్రవారం తేదీ, 00:30 అని ఉంది. పెద్దాయన శుక్రవారం జుమా నమాజ్ హరమ్‌లో చదువుకుని, ఇషా కూడా అయ్యాక, రాత్రి పదిన్నరకు బస్టాండుకు వెళ్లారు. బస్సు అంతకు ముందు రాత్రే వెళ్లిపోయింది. శుక్రవారం 00:30 అంటే గురువారం రాత్రి పన్నెండు దాటిన అరగంటకు. మేము కొనవలసింది శనివారం తేదీకి.

ఆ రాత్రి బస్సుల్లో సీట్లు దొరకలేదు. మరునాడు మధ్యాహ్నం బస్సెక్కి మదీనా చేరేసరికి పొద్దుపోయింది. శనివారం ఉదయం రౌజాలో నమాజ్‌కు ఆవిడకు దొరికిన పర్మిట్ సమయం దాటిపోయింది. తిరిగి వచ్చాక మేము క్షమాపణ అడిగితే, ‘మస్జిద్‌లో నమాజ్ చదువుకున్నాను కదా బేటా, బయటి నుంచి సలాం చెప్పుకున్నాను. నసీబ్‌లో అంతే ఉంది’ అన్నారు. నసీబ్ సంగతి అల్లాహ్‌కే తెలుసు. తేదీ సరిచూడకుండా టికెట్ చేతిలో పెట్టింది మాత్రం మేమే.

ఆ టికెట్ ఖరీదు మొత్తం ప్రయాణ ఖర్చులో చాలా చిన్నది. కానీ దాత ఇచ్చిన పెద్ద మొత్తం ఏ పని కోసమో, ఆ పనిలో ఒక భాగం ఆ చిన్న కాగితం వల్ల జారిపోయింది. అందుకే ఈ వివరాలు.

ఏ ప్రయాణం ఎవరి చేతిలో ఉంది?

ముందుగా తేల్చుకోవలసినది ఇది. హజ్ కమిటీ ద్వారా వెళ్లేవారికి అక్కడి ప్రయాణాలన్నీ ఏర్పాటులోనే ఉంటాయి. మినా, అరఫాత్, ముజ్దలిఫాల మధ్య 2010 నుంచి నడుస్తున్న మషాయిర్ రైలు హజ్ రోజుల్లో మాత్రమే తిరుగుతుంది. దాని టికెట్ హాజీలు కౌంటర్ దగ్గర నిలబడి కొనేది కాదు, హజ్ ఏర్పాట్లతోపాటే వస్తుంది.

ఉమ్రాకు గ్రూపుతో వెళ్లేవారికి సాధారణంగా బస్సు ప్యాకేజీలోనే కలిసి ఉంటుంది. ‘అన్నీ మేమే చూసుకుంటాం’ అనే మాట సరిపోదు. జిద్దా విమానాశ్రయం నుంచి మక్కాకు, మక్కా నుంచి మదీనాకు, మదీనా నుంచి తిరిగి విమానాశ్రయానికి అని మూడు ప్రయాణాలనూ విడివిడిగా కాగితం మీద రాయించుకోవాలి. మూడింటిలో ఏది లేకపోయినా అది మనం కొనుక్కోవలసినదే. సొంతంగా వెళ్లేవారికి మూడూ సొంత బాధ్యతే.

హరమైన్ రైలు

మక్కా, మదీనాల మధ్య హరమైన్ హైస్పీడ్ రైలు 2018 అక్టోబరులో ప్రయాణికులకు అందుబాటులోకి వచ్చింది. మార్గం పొడవు దాదాపు 450 కిలోమీటర్లు. అంటే విశాఖ నుంచి ఒంగోలుకు కొంచెం ఇవతల దాకా. గంటకు 300 కిలోమీటర్ల వేగంతో పోయే ఈ రైలు ఆ దూరాన్ని రెండున్నర గంటల లోపే దాటుతుంది. మన వందేభారత్ విశాఖ నుంచి సికింద్రాబాద్ దాకా దాదాపు 700 కిలోమీటర్లకు ఎనిమిదిన్నర గంటలు తీసుకుంటుందని గుర్తుంచుకుంటే తేడా అర్థమవుతుంది.

స్టేషన్లు ఐదు: మక్కా, జిద్దా నగరంలోని సులైమానియా, జిద్దా విమానాశ్రయం, రాబిగ్ దగ్గరి కింగ్ అబ్దుల్లా ఎకనమిక్ సిటీ, మదీనా. టికెట్లు రైలు సంస్థ వెబ్‌సైట్‌లో, యాప్‌లో, స్టేషన్ కౌంటర్లలో దొరుకుతాయి. ఎకానమీ, బిజినెస్ అని రెండు తరగతులు. ధర ఒకే అంకె కాదు, తేదీని, రద్దీని బట్టి మారుతుంది.

మన రైళ్లకు అలవాటు పడినవారు ఒక సంగతి గమనించాలి. అక్కడ వెయిటింగ్ లిస్టు, ఆర్‌ఏసీ అనే మాటలే లేవు. సీటు ఉంటే టికెట్, లేకపోతే లేదు. ‘ఎక్కేద్దాం, లోపల టీటీఈతో మాట్లాడుకుందాం’ అనే ధైర్యం అక్కడ పనిచేయదు. టికెట్ మీది కోడ్‌ను గేటు దగ్గర స్కాన్ చేశాకే ప్లాట్‌ఫారం మీదికి పంపుతారు, రైలు బయలుదేరే ముందే గేటు మూసేస్తారు. పెద్దవాళ్లు గంట ముందే స్టేషన్‌లో ఉండడం మంచిది.

రద్దీ ఎప్పుడు ఉంటుందో కూడా తెలిసి ఉండాలి. సౌదీలో 2013 నుంచి వారాంతపు సెలవులు శుక్ర, శనివారాలు. గురువారం సాయంత్రం అంటే మనకు శనివారం సాయంత్రం లాంటిది. అక్కడ ఉద్యోగాలు చేసేవారు కూడా ఆ రెండు రోజుల్లోనే హరమ్‌కు వస్తారు. రంజాన్‌లో, ముఖ్యంగా చివరి పది రోజుల్లో, ముందుగా కొననివారికి నచ్చిన సమయం దొరకడం కష్టం. వీలైతే ఆదివారం నుంచి బుధవారం లోపు ఊరు మారేలా ప్రయాణం వేసుకోండి.

సరిచూడవలసినవి మూడు: పేరు, తేదీ, ఊరు

మొదటిది పేరు. పాస్‌పోర్టులో ఎలా ఉందో టికెట్ మీద అక్షరం పొల్లుపోకుండా అలాగే ఉండాలి. మన కోస్తా జిల్లాల్లో ఇదొక చిక్కు. మన పాస్‌పోర్టుల్లో చాలామందికి ఇంటిపేరు గడిలో ‘షేక్’ అనో, ‘మొహమ్మద్’ అనో, ‘సయ్యద్’ అనో ఉంటుంది. అసలు పేరు రెండో గడిలో ఉంటుంది. కొందరు పెద్దవాళ్ల పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగానే ఉంటుంది. ఆధార్‌లో ‘బీ’ అని ఉన్న ఆవిడ పాస్‌పోర్టులో ‘బేగం’ అయి ఉండవచ్చు. టికెట్ కొనేటప్పుడు రేషన్ కార్డునూ ఆధార్‌నూ పక్కన పెట్టి, పాస్‌పోర్టు ఒక్కటే ముందు పెట్టుకోండి. ఫొటో ఉన్న పేజీలో అడుగున గుర్తులతో నిండిన రెండు వరుసలు ఉంటాయి. మొదటి వరుసలో ఇంటిపేరు ముందు, సొంత పేరు తరువాత వస్తాయి. అనుమానం వస్తే ఆ వరుసే ప్రమాణం. ఒక కుటుంబంలో నలుగురికీ ‘షేక్’ ఉన్నప్పుడు ఎవరి పాస్‌పోర్టు నంబరు ఎవరి పేరు పక్కన పడిందో గట్టిగా చదివి చూసుకోవాలి.

రెండోది తేదీ, సమయం. మా తప్పు ఇక్కడే జరిగింది. రాత్రి పన్నెండు దాటితే తేదీ మారుతుంది. 00:10, 00:30, 01:15 లాంటివి కనబడితే కాగితం మీద తెలుగులో ‘గురువారం రాత్రి’ అని రాసి ఇవ్వండి. 24 గంటల లెక్క అలవాటు లేనివారికి 19:00 పక్కన ‘సాయంత్రం ఏడు’ అని రాయండి. సౌదీ సమయం మనకంటే రెండున్నర గంటలు వెనక. ఫోన్ గడియారం అక్కడికి వెళ్లాక మారిందో లేదో చూసుకోవాలి. చేతి గడియారాన్ని నమ్మేవారైతే విమానం దిగగానే ముల్లు వెనక్కి తిప్పుకోవాలి. హిజ్రీ తేదీని పట్టుకుని లెక్కపెట్టవద్దు. నెలవంక లెక్కలో మన ఊరి తేదీకి, వాళ్ల తేదీకి తరచు ఒక రోజు తేడా ఉంటుంది.

బోర్డుల మీద, రసీదుల మీద అంకెలు అరబీలో ఉంటే ఇంకో జాగ్రత్త. సున్నాను వాళ్లు చిన్న చుక్కగా రాస్తారు. మన కంటికి సున్నాలా గుండ్రంగా కనిపించేది అక్కడ ఐదు. ఉర్దూ చదువుకున్నవారికి కూడా నాలుగు, ఆరు కొంచెం కొత్తగా కనిపిస్తాయి. సమయం పక్కన ‘స్వాద్’ అక్షరం ఉంటే ఉదయం, ‘మీమ్’ ఉంటే మధ్యాహ్నం తరువాత అని అర్థం. మదరసాలో అలిఫ్, బే నేర్చుకున్న మనవడు ఇంట్లో ఉంటే తాతయ్యకు అరగంటలో నేర్పగలడు.

మూడోది ఊరు, అంటే సరైన స్టేషన్. విశాఖవాళ్లకు ఇది వేరే చెప్పనక్కరలేదు. దువ్వాడలో ఆగి విశాఖ స్టేషన్‌కు రాకుండా వెళ్లిపోయే రైళ్లున్నాయి. అది చూసుకోక అర్ధరాత్రి ఆటోల కోసం తిరిగినవాళ్లం మనలో చాలామందిమి. జిద్దాలోనూ అలాగే రెండు స్టేషన్లు. విమానం కోసం వెళ్లేవారు ‘విమానాశ్రయం’ అన్నదే ఎంచుకోవాలి, సులైమానియా ఊళ్లో ఉంది. విమానాశ్రయం స్టేషన్ 1వ టెర్మినల్‌ను ఆనుకుని ఉంటుంది. మీ విమానం వేరే టెర్మినల్‌లో ఆగితే అక్కడికి చేరడానికి ఇంకా సమయం పడుతుంది. మక్కా స్టేషన్ రుసైఫా ప్రాంతంలో ఉంది, హరమ్ గుమ్మం దగ్గర కాదు. మదీనా స్టేషన్ కూడా మస్జిదె నబవీకి కొన్ని కిలోమీటర్ల దూరంలోనే ఉంది. రెండు చోట్లా స్టేషన్ నుంచి బసకు టాక్సీయో బస్సో కావాలి. ఆ ఖర్చునూ లెక్కలో వేసుకోండి.

డబ్బు ఎలా కట్టాలి?

టికెట్ ఇక్కడే కొనడం అన్నిటికంటే సులువు. అయితే మన బ్యాంకు కార్డులు చాలావరకు విదేశీ చెల్లింపులకు మూసి ఉంటాయి. 2020 మార్చి నుంచి కొత్తగా ఇచ్చే కార్డులు దేశంలోపలి వాడకానికే తెరిచి ఇవ్వాలని, విదేశీ వాడకాన్ని ఖాతాదారు కోరితేనే తెరవాలని రిజర్వ్ బ్యాంకు నియమం పెట్టింది. కనుక ముందు బ్యాంకు యాప్‌లోనో, బ్రాంచికి వెళ్లో విదేశీ చెల్లింపులు తెరిపించుకోవాలి. పని అయ్యాక మళ్లీ మూయించుకోవాలి. రూపే కార్డు ఒక్కటే ఉన్నవారు అది అక్కడ చెల్లుతుందో లేదో బ్యాంకులో అడిగి తెలుసుకోండి.

అక్కడికి వెళ్లాక కొందామనుకుంటే ఓటీపీ ఇబ్బంది ఉంది. ఓటీపీ మన ఊరి సిమ్‌కు వస్తుంది. ఆ సిమ్ తీసి సౌదీ సిమ్ వేసుకున్నవారికి కార్డు ఉన్నా చెల్లింపు జరగదు. రోమింగ్ పెట్టించుకోవాలి, లేదా స్టేషన్ కౌంటర్‌లో నగదు ఇచ్చి కొనుక్కోవాలి.

రియాల్ విలువ తెలుసుకోవడానికి ఒక చిన్న లెక్క ఉంది. డాలరుకు 3.75 రియాళ్లు అన్నది 1986 నుంచి మారలేదు. అందుకని ఆ రోజు డాలరు ధరను 3.75తో భాగిస్తే రియాల్ ధర వస్తుంది. డాలరు 90 రూపాయలైతే రియాల్ 24 రూపాయలు. దీని మీద బ్యాంకు తన రుసుము కొంత వేసుకుంటుంది. ఈ లెక్క వస్తే, మధ్యవర్తి చెప్పే ధరలో ఎంత టికెట్‌దో, ఎంత అతనిదో తెలిసిపోతుంది.

మధ్యవర్తి ద్వారా కొనడం తప్పు కాదు. కానీ వాట్సాప్‌లో పంపిన ఫొటోను టికెట్ అనుకోవద్దు. బుకింగ్ నంబరు అడిగి తీసుకుని, ఆ నంబరుతో సంస్థ సైట్‌లో మీ పేరు కనిపిస్తుందో లేదో చూసుకున్నాకే డబ్బు ఇవ్వండి. రద్దు చేస్తే ఎంత తిరిగి వస్తుందో కూడా అప్పుడే చదవండి. ఖాయమైన తత్కాల్ టికెట్ రద్దు చేస్తే మన దగ్గర డబ్బు ఎలా తిరిగి రాదో, అక్కడా కొన్ని చౌక టికెట్లకు అలాగే రాదు.

విశాఖ నుంచి జిద్దాకు నేరుగా విమానం లేదు. హైదరాబాదు మీదుగానో, మరో ఊరి మీదుగానో వెళ్లాలి. ఎక్కడ ఆలస్యమైనా దాని భారం చివరి రైలు టికెట్ మీద పడుతుంది. అందుకని విమానం దిగే సమయానికి, రైలు సమయానికి మధ్య కనీసం నాలుగు గంటలైనా ఉంచండి.

బస్సులు

రైలు ధర భారమైనవారికి బస్సు ఉంది. ఎన్నో ఏళ్లు ఊళ్ల మధ్య బస్సులన్నిటినీ 1979లో ఏర్పడిన సాప్ట్‌కో సంస్థే నడిపింది. 2023లో ఆ మార్గాలను మూడు సంస్థలకు పంచారు. మక్కా, జిద్దా, మదీనా వైపు బస్సులు ఇప్పుడు నార్త్ వెస్ట్ బస్ పేరుతో తిరుగుతున్నాయి. పాత ప్రయాణికులు చెప్పే పేరు కోసం వెతికి దొరకలేదని కంగారు పడవద్దు. మక్కా నుంచి మదీనాకు బస్సుకు ఐదారు గంటలు పడుతుంది. వీటికీ పాస్‌పోర్టు ప్రకారమే టికెట్. మన ఆర్టీసీ కాంప్లెక్స్‌లో లాగా బస్సు దగ్గరికి వెళ్లి కండక్టర్‌ను అడిగే పద్ధతి లేదు.

దమ్మామ్, జుబైల్‌లలో ఫిట్టర్లుగా, వెల్డర్లుగా పనిచేస్తున్న మన కుర్రవాళ్లకు ఒక మాట. దమ్మామ్, రియాద్‌ల మధ్య రైలు హరమైన్ రైలు కాదు. దాని టికెట్ అమ్మే చోటు వేరు, ఆ దారి మక్కాకు రాదు. ఉమ్రాకు వచ్చే అమ్మానాన్నలకు మీరు అక్కడి నుంచి టికెట్ కొంటున్నట్లయితే ఏ రైలుదో చూసి కొనండి.

మీఖాత్, రౌజా: టికెట్‌కు ముందు ఇవి

మదీనా ముందు చూసుకుని, అక్కడి నుంచి మక్కాకు ఉమ్రా నియ్యత్‌తో వెళ్లేవారికి మీఖాత్ జుల్ హులైఫా. బస్సులో, కారులో వెళ్లేవారు అక్కడ ఆగి, గుసుల్ చేసి, ఇహ్రామ్ కట్టుకోవచ్చు. రైలు అక్కడ ఆగదు. రైలులో వెళ్లేవారు బసలోనే గుసుల్ చేసి, ఇహ్రామ్ బట్టలతోనే స్టేషన్‌కు రావాలి. నియ్యత్ ఎప్పుడు చేయాలో బయలుదేరే ముందే మీ ఇమామ్ గారిని అడిగి తెలుసుకోండి. ఇహ్రామ్ బట్టలను పెద్ద సూట్‌కేసు అడుగున పెట్టి తాళం వేసుకుంటే రైలులో చేయగలిగింది ఏమీ ఉండదు.

అలాగే రౌజాలో నమాజ్‌కు నుసుక్ యాప్‌లో సమయం తీసుకోవాలి. మగవారికి, ఆడవారికి సమయాలు వేరు. చాలామంది ముందు రైలు టికెట్ కొని, తరువాత పర్మిట్ కోసం చూస్తారు. మేము ఇప్పుడు వరుస మార్చాము. ముందు పర్మిట్, దాన్ని బట్టి టికెట్. పర్మిట్ ఉన్న రోజుకు ఒక రోజు ముందే ఆ ఊళ్లో ఉండేలా చూస్తున్నాము.

దారిలో చిక్కుకుంటే

పాస్‌పోర్టు పోయినా, డబ్బు అయిపోయినా, తోడు వచ్చినవారు ఆసుపత్రి పాలైనా, జిద్దాలో భారత కాన్సులేట్, రియాద్‌లో రాయబార కార్యాలయం ఉన్నాయి. విదేశాల్లో కష్టంలో పడిన భారతీయుల కోసం 2009లో ప్రభుత్వం సంక్షేమ నిధి ఒకటి ఏర్పాటు చేసింది. నిజంగా దిక్కులేనివారికి ఇంటికి చేరే విమానం టికెట్ దాకా అందులో నుంచి ఇచ్చే వీలుంది. పాస్‌పోర్టు, వీసా, టికెట్ల నకళ్లు ఒక జత ప్రయాణికుల సంచిలో, ఒక జత ఇంట్లో, ఒక జత మా ఆఫీసులో ఉంచుతున్నది ఇందుకే.

దాతలు మమ్మల్ని తరచు అడిగే ప్రశ్నకు ఇక్కడే జవాబు చెబుతాము. తౌబా సూరా 60వ ఆయత్‌లో జకాత్‌కు అర్హులైన ఎనిమిది వర్గాలలో బాటసారి ఒకరు. అంటే దారిలో చిక్కుకుని, చేతిలో ఏమీ లేనివారు. ఉమ్రాకు బయలుదేరాలనుకునే వారందరూ ఆ లెక్కలోకి రారు. ఉమ్రా ఖర్చుకు మేము ఆ పని కోసమే ఇచ్చిన సదఖాను మాత్రమే వాడుతున్నాము. పరాయి ఊళ్లో చిక్కుకున్నవారి విషయం వస్తే ఉలమాలను అడిగాకే జకాత్ నిధి ముట్టుకుంటున్నాము.

దాతలకు మా విన్నపం

మన పెద్దల కాలంలో హజ్ అంటే విశాఖ నుంచి రైలులో బొంబాయి, అక్కడి నుంచి ఓడ. ఆ ఓడ ప్రయాణం 1995లో ఆగిపోయింది. అంతకు ముందే ఒకసారి మదీనాకు రైలు వచ్చింది. 1900లో ఉస్మానియా సుల్తాన్ రెండవ అబ్దుల్ హమీద్ కాలంలో డమాస్కస్ నుంచి మొదలైన హిజాజ్ రైలు, దాదాపు 1,300 కిలోమీటర్లు సాగి, 1908లో మదీనా చేరింది. దాని ఖర్చులో పెద్ద భాగం లోకమంతటి ముస్లింలు ఇచ్చిన చందాలే. మన హైదరాబాదులో ముల్లా అబ్దుల్ ఖయ్యూం గారు దాని కోసం నిధులు పోగుచేశారు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆ మార్గం దెబ్బతిని మదీనాకు రైలు ఆగిపోయింది. పాత స్టేషన్ భవనం మాత్రం ఇప్పటికీ మదీనాలో ఉంది. ఇక్కడి నుంచి చందాలు పంపినవారిలో ఎక్కువమంది ఆ రైలు ఎక్కలేదు. హిందుస్తాన్ హాజీల దారి సముద్రమే. ఎవరో బాటసారి సుఖంగా చేరాలని ఇచ్చారు.

ఇప్పుడు రైలు పట్టాలు వేయమని మిమ్మల్ని అడగడం లేదు. డబ్బు మీరు ఎలాగూ ఇస్తున్నారు. ఈసారి దానితోపాటు ఒక గంట అడుగుతున్నాము. మీలో చాలామంది ఉమ్రా చేసి వచ్చినవారే. ఆ రైలు ఎక్కినవారూ, ఆ కౌంటర్ దగ్గర నిలబడినవారూ ఉన్నారు. ఉమ్రాకు పంపే ప్రతి జంటతో, ప్రయాణానికి వారం ముందు, ఒకరు కూర్చోవాలని నిర్ణయించాము. పాస్‌పోర్టు పక్కన టికెట్ పెట్టి పేరు, తేదీ, స్టేషన్ పైకి చదవాలి. వారం పేరును తెలుగులోనో ఉర్దూలోనో పెద్ద అక్షరాలతో రాయాలి. ఫోన్‌లో టికెట్ తెరిచి చూపించమని వాళ్లనే అడగాలి, మనం తెరిచి చూపిస్తే వాళ్లకు రాదు.

ఆ గంట ఇవ్వగలిగినవారు జుమా నమాజ్ తరువాత మా ఆఫీసులో పేరు రాయించండి. ఆ వృద్ధ దంపతులను అల్లాహ్ తలిస్తే మళ్లీ పంపాలని ఒక దాత ముందుకు వచ్చారు. ఈసారి వారి టికెట్ మేము ముగ్గురం మూడుసార్లు చదువుతాము, ఇన్షా అల్లాహ్.